ఎడమ వైపు ఆకులు

"చదివావా?" అని అడిగాడు తండ్రి.

పిట్ట కుర్చీ లాక్కుని ఆయన కుడి వైపు కూర్చుంది. ఎడమ వైపు కూర్చుంటే ఆమె గదిలో ఉన్నట్టే ఆయనకు తెలియదు.

"ఇంకా లేదు నాన్నా."

"ఇంకెప్పుడు? గోడ పూర్తయి ఎన్నాళ్ళయింది?"

గోడ పూర్తి కాలేదు. కుడి సగం అయింది. ఎడమ సగం మీద ప్రైమర్ తప్ప ఏమీ లేదు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఆమె ఈ సంగతి చెబుతూనే ఉంది. చెప్పిన ప్రతిసారీ ఆయన, దీని కళ్ళకేమైనా అయిందా అన్నట్టు చూసి మొహం తిప్పుకుంటాడు.

ఆయన గోడల మీద బొమ్మలు వేసే పెయింటర్. పిట్ట ఆయన ఒక్కగానొక్క కూతురు. నలభై దగ్గరపడుతున్నా ఇంట్లో ఆ పేరుతోనే పిలుస్తారు. ఫ్లెక్సీలు అచ్చువేసే షాపులో మెషీన్ నడుపుతుంది. "మా అన్నం కుండ పగలగొట్టిన మెషీన్‌కి మా ఇంటి పిల్లే కాపలా" అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు.

ఆయన వేసే ప్రతి బొమ్మా అద్దంలో చూసినట్టు ఉంటుంది. గోడ మధ్యలో పైనుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి గీత గీస్తాడు. సగం బొమ్మను పెద్ద కాగితం మీద గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడుస్తాడు. కాగితాన్ని గోడ కుడి సగానికి ఆనించి, బొగ్గుపొడి మూటతో తడితే చుక్కలు పడతాయి. చుక్కలు కలిపి రంగు వేస్తాడు. కుడి వైపు అయ్యాక అదే కాగితాన్ని తిరగేసి ఎడమ వైపు తడతాడు. కొంగ ఉంటే దాని ఎదురుగా మరో కొంగ, చేప ఉంటే మరో చేప. అంచు వెంట మాత్రం ఏ గోడకైనా ఒకటే తీగ, గుత్తులు గుత్తులుగా ఆకులు.

ఎడమ వైపు ఆకుల్లో కొన్ని తలకిందులుగా ఉంటాయి. దారిన పోయేవాళ్ళకు అది కనపడదు. రెండు వైపులూ పోల్చి చూసేవాళ్ళకే కనపడుతుంది. వాటిని చదివే మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది.

ఇది పిట్ట అక్షరాలు నేర్చుకునే రోజుల్లో మొదలైంది. బడిలో టీచరు క నుంచి మ వరకు ఐదు వరసలుగా నల్లబల్ల మీద రాసింది. పిట్టకు అవి ఎక్కలేదు. తండ్రి ఆ వరసలను తీగలోకి తెచ్చాడు. గుత్తికి ఆరు రెమ్మలు. మొదటి రెమ్మ క వరస, రెండోది చ వరస, అలా ఐదో రెమ్మ ప వరస. య నుంచి మిగిలినవన్నీ ఆరో రెమ్మ. ఏ రెమ్మ మీద ఎన్నో ఆకు తిరగబడి ఉందో చూస్తే అక్షరం తెలిసిపోతుంది. గుత్తికి ఒక అక్షరం. గుణింతాలు, ఒత్తులు చదివేవాళ్ళు ఊహించుకోవాలి. ఆమె చదివిన మొదటి గోడ పాలకేంద్రానిది. "పళ్ళు తోముకో" అని ఉంది. సైకిల్ మీద నుంచి దూకి గోడ దగ్గర నిలబడి నవ్వీ నవ్వీ ఆమెకు ఎక్కిళ్ళు వచ్చాయి.

"ఎడమ వైపే ఎందుకు రాస్తావు నాన్నా?" అని అడిగింది అప్పట్లో.

"కుడి వైపు గోడ ఇచ్చినవాళ్ళది. అది సరిగ్గా ఉండాలి. ఎడమ వైపు మనది."

పెద్దయ్యే కొద్దీ ఆట తగ్గింది, మాటలు పెరిగాయి. ఆయన నోటితో మాట్లాడలేని మనిషి. రంగుల ధరల గురించి పొద్దుపోయే దాకా మాట్లాడతాడు. కూతురితో అసలు మాట వచ్చేసరికి దగ్గుతాడు. ఆమె పరీక్ష తప్పినప్పుడు లైబ్రరీ గోడ మీద "మళ్ళీ రాస్తావా" అని ఉంది. సాయంత్రం అన్నం తింటూ "రాస్తాను" అంది. ఆయన మంచినీళ్ళ చెంబు ఆమె వైపు జరిపాడు. పెళ్ళయి, ఆ కాపురం కుదరక ఆమె పెట్టెతో ఇంటికి వచ్చినప్పుడు కూరగాయల మార్కెట్ గోడ "తిరిగి వెళ్తావా" అని అడిగింది. "వెళ్ళను" అని చెప్పింది. మర్నాడు ఆయన వెనక గదికి లోపలి వైపు గడియ బిగించాడు. అదే పద్ధతి. ప్రశ్న గోడ మీద, జవాబు నోటితో. గోడ మీద ఏముందో పైకి అనడం ఇద్దరిలో ఎవరూ చేయలేదు.

పంపింగ్ స్టేషన్ గోడకు వచ్చేసరికి ఆయన ఆ పద్ధతి కాస్త తప్పాడు. పనికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, చెప్పు వేసుకుంటున్నట్టు కిందికి చూస్తూ, "ఈ గోడ అయ్యాక చదివి చెప్పు. తొందర లేదు. ఆలోచించుకునే చెప్పు" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ ఆయన గోడ గురించి ముందుగా మాట్లాడలేదు.

కుడి సగం ముగించి, మెట్ల నిచ్చెన దిగి, రంగు డబ్బా పక్కన కూర్చున్నాడు. కింద బాబాయి రంగు కలుపుతున్నాడు. అన్న అలిసిపోయాడనుకున్నాడు. టీ తెచ్చి పిలిస్తే పలకలేదు.

*

"కళ్ళు బాగానే ఉన్నాయి" అంది డాక్టరమ్మ. "పక్షవాతం వల్ల మెదడులో దెబ్బ తగిలిన చోటు అలాంటిది. ఎడమ వైపును లెక్కలోకి తీసుకోవడం మానేసింది. అటు చీకటిగా ఉందని కూడా ఆయనకు అనిపించదు. అసలు అటంటూ ఒకటి ఉందని తెలియదు."

"తిరిగి వస్తుందా?"

"కొందరికి వస్తుంది. అటు వైపు చూడమని గుర్తు చేస్తూ ఉండండి."

గుర్తు చేస్తే ఆయనకు కోపం వచ్చేది. కంచంలో సగం అన్నం వదిలేసి, ఈమధ్య వంటకి చెయ్యి రావడం లేదా అని అడిగేవాడు. ఆమె కంచం తిప్పి పెడితే, ఇందాకే వడ్డించొచ్చుగా అనేవాడు. పేపరు చదివేటప్పుడు మరీ గొడవ. నీళ్ళ చార్జీల పెంపు లేదు అని హెడ్డింగ్ ఉంటే ఆయనకు చివరి ముక్కే అందేది.

"పెంపు లేదట. దేని పెంపు? కుక్కల పెంపా? సగం రాసి అచ్చేసి జనం మీదికి తోలుతున్నారు."

బాబాయి దీన్ని వాడుకునేవాడు. ఆయన తండ్రికి తమ్ముడు. పక్క వీధిలో ఉంటాడు. ఇద్దరూ ఒకే నిచ్చెన మీద ముసలివాళ్ళయ్యారు. అన్న తిట్టడం మొదలుపెడితే బాబాయి మెల్లగా మంచం చుట్టూ నడిచి ఎడమ వైపుకు వెళ్ళేవాడు. అటు చేరగానే తిట్లు ఆగిపోయేవి.

"వీడెటు పోయాడే?" అనేవాడు తండ్రి.

"ఇక్కడే ఉన్నాడు నాన్నా."

"ఎక్కడ?"

బాబాయి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వేవాడు. తర్వాత వంటింట్లోకి పోయి అదే తువ్వాలుతో కళ్ళు తుడుచుకునేవాడు.

నడక రాలేదు. చక్రాల కుర్చీ వచ్చింది. మాట తిన్నగానే ఉంది, కాస్త ఆగి ఆగి వస్తుంది. ప్రతి పొద్దున లేవగానే, మొహం కడుక్కోకముందే, ఆ ఒక్క మాటే అడిగేవాడు. చదివావా.

గోడ ఇంటికి రెండు వీధుల అవతల. ఒక ఆదివారం పొద్దున ఆమె కుర్చీ తోసుకుంటూ ఆయన్ను అక్కడికి తీసుకెళ్ళింది. మధ్య గీత ఎదురుగా ఆపింది. ఆయన కుడి సగం చూశాడు. కొంగ మెడ మీద నీలం ఆరాక ఎలా తేలిందో చూశాడు. "బాగా వచ్చింది" అన్నాడు.

"ఎడమ వైపు చూడు నాన్నా."

"చూస్తున్నాగా."

కుర్చీని గోడ ఎడమ చివరికి తోసింది. ఇప్పుడు ఎదురుగా, కుడి వైపు, అంతటా ప్రైమరే. ఆయన చాలాసేపు చూశాడు.

"ఇది ఎవరి గోడ?"

"మనదే. నువ్వు వేయాల్సిన సగం. ఇంకా వేయలేదు. అప్పుడే నీకు ఒంట్లో బాగాలేకుండా పోయింది."

"ఇది పక్కవాళ్ళ గోడే. మనది అక్కడ మొదలవుతుంది" అని కొంగ వైపు చెయ్యి చూపించాడు. "వీళ్ళెవరో ప్రైమర్ కొట్టి వదిలేశారు. ఒంటి పూత. వానకి నిలవదు."

ఆమె గోడను ఫోటో తీసింది. షాపులో మెషీన్ మీద కుడి ఎడమలు తారుమారు చేసి, తలుపంత పొడవున అచ్చు తీసింది. ఖాళీ సగం ఇప్పుడు ఆయనకు కనపడే వైపు వచ్చింది. ఇంటికి తెచ్చి ఆయన కుర్చీ ఎదురుగా, చేతికందేలా గోడకు అంటించింది.

"ఇదేంటి?" అన్నాడు.

"పంపింగ్ స్టేషన్ గోడ."

"దీని మీద ఏమీ లేదే."

"అదే నాన్నా. అదే చెబుతున్నాను. ఎడమ వైపు ఏమీ లేదు."

ఆయన ఫ్లెక్సీ మీద వేలితో గోకాడు. "మీ మెషీన్ అచ్చు వేయలేకపోయిందన్నమాట. ఇంకు అయిపోయిందేమో చూసుకోండి."

ఆమె నవ్వింది. నవ్వు ఆగాక ఫ్లెక్సీ చుట్టి బీరువా వెనక పెట్టింది. చిల్లుల కాగితం కూడా వెతికి చూసింది. బాబాయి దగ్గర, చుట్టచుట్టి, దుమ్ము పడకుండా కవరులో ఉంది. దాన్ని ట్యూబులైటుకు అడ్డం పట్టుకుంది. కొంగ ఉంది, తీగ ఉంది, ఆకులన్నీ తిన్నగా ఉన్నాయి. ఆకులు తిప్పడం ఆయన గోడ మీదే, అప్పటికప్పుడు, చేత్తో చేస్తాడు. కాగితం మీద అవి ఎప్పుడూ ఉండవు.

చివరికి ఆమె పద్ధతి తప్పింది.

"నోటితో చెప్పు నాన్నా. ఏమడిగావు?"

ఆయన దగ్గాడు. మంచం కోడు వైపు చూశాడు. "నోటితో చెప్పగలిగితే గోడ ఎందుకే?"

"ఈ ఒక్కసారికి."

పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. ఆయన కుడి చెయ్యి దుప్పటి అంచు పట్టుకుని నలుపుతూ ఉంది. కాసేపటికి అన్నాడు: "కుదరదంటే కుదరదని చెప్పు. నేనేం అనుకోను. చదవలేదని అబద్ధాలెందుకు?"

అప్పుడు ఆమెకు అర్థమైంది. తను చదవలేదన్న ప్రతిసారీ ఆయన దాన్ని కాదు అనే వింటున్నాడు.

*

పంపింగ్ స్టేషన్ ఇంజినీరు బాబాయికి కబురు పెట్టాడు. పిట్ట కూడా వెళ్ళింది.

"కొత్త ట్యాంకు ప్రారంభానికి పైవాళ్ళు వస్తున్నారు" అన్నాడు ఇంజినీరు. "సగం బొమ్మ పెట్టుకుని నేను నిలబడలేను. మీరు పూర్తి చేస్తారా, మొత్తం మీద సున్నం కొట్టించెయ్యనా?"

"పూర్తి చేస్తాం సార్" అన్నాడు బాబాయి.

బయటికి వచ్చాక పిట్ట, "బాబాయ్, నాన్న లేకుండా ఎడమ వైపు ఎలా?" అంది.

"కాగితం తిరగేస్తే అదే వస్తుందమ్మా. కష్టమేముంది?" ఆయన గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాలంటే అన్నయ్య కంటే తిన్నగానే వస్తుంది. నేను చెప్పానని అనకు. ఎడమకొచ్చేసరికి అన్నయ్యకి చెయ్యి అలిసిపోతుంది. ఆకులు తిరగబడిపోతాయి. ఎన్ని గోడల మీద చూశానో. ఒకసారి సరిచేయబోతే వేలు విరిచినంత పని చేశాడు. పెద్దవాడు కదా అని ఊరుకున్నాను."

ఆకులు తిరగబడేది అలసట వల్ల కాదని పిట్టకు తెలుసు. అది ఆమె ఒక్కతే చెప్పేయగల రహస్యం కాదు.

బాబాయి కాగితం తిరగేసి తట్టాడు. చుక్కలు పడ్డాయి. ఎడమ కొంగ వచ్చింది, తీగ వచ్చింది, గుత్తులు వచ్చాయి. పిట్ట షాపుకు సెలవు పెట్టి కింద నిలబడి రంగులు అందించింది. ఒక్కో ఆకుకు పచ్చ నిండుతుంటే చూస్తూ ఉంది. వీటిలో ఏవో కొన్ని తలకిందులు కావాలి. ఏవో తెలిస్తే బాబాయిని ఆపేది. తెలియదు. బాబాయి ఒక్క ఆకు కూడా తప్పు వేయలేదు. మధ్య గీత దగ్గర నిలబడి రెండు వైపులా చూసుకుని, "ఇదీ గోడంటే" అన్నాడు.

ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. నిచ్చెనను కుడి సగానికి జరిపింది. తండ్రికి కనపడే వైపు. తీగ మొదట్లో ఉన్న నాలుగు గుత్తులు ఎంచుకుంది. రెండో రెమ్మ మొదటి ఆకు, ఐదో రెమ్మ మొదటి ఆకు. తర్వాత రెండు గుత్తుల్లోనూ నాలుగో రెమ్మ చివరి ఆకు. పాత ఆకు మీద గోడ రంగు పూసి, ఆరనిచ్చి, తలకిందులుగా కొత్త ఆకు వేసింది. చ, ప, న, న. చెప్పు నాన్నా. బ్రష్ పట్టుకుని చాలా ఏళ్ళయింది. అయినా ఆకు ఆకులాగే వచ్చింది.

ఇన్నేళ్ళలో ఆమె ఆయనకు రాసిన మొదటి మాట అది.

మర్నాడు పొద్దున ఆయన్ను తీసుకొచ్చింది. బాబాయి నిచ్చెన మీద ఉన్నాడు, కొంగ ముక్కుకు చివరి గీత దిద్దుతున్నాడు. ఆమె కుర్చీని మధ్య గీత ఎదురుగా ఆపి, ఆయన కుడి పక్కన నిలబడింది.

ఆయన చూపు కొంగ మీద నుంచి తీగ మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది.

"ఎవడు చేశాడు ఇది?"

"నాన్నా, మెల్లగా..."

"ఒరేయ్! కుడి వైపు ఆకులు తిరగేశావేంట్రా? గోడ ఇచ్చినవాళ్ళు చూస్తే మొహాన ఉమ్మేస్తారు!"

బాబాయి నిచ్చెన మీద నుంచి వంగి చూశాడు. "నేనా? నేను కాదు అన్నయ్యా! నిన్న నేను చూసినప్పుడు తిన్నగానే..."

"నేను వేశాను నాన్నా" అంది పిట్ట. వంగి ఆయన చెవి దగ్గర చెప్పింది. "నీ కోసం. చదువు."

ఆయన కళ్ళు చిట్లించాడు. వేలితో గాలిలో రెమ్మలు లెక్కపెట్టాడు. మొదటి గుత్తి, రెండో గుత్తి. పెదవులు అక్షరాలు పలికాయి. నాలుగోది అయ్యాక ఆయన మొహంలో కోపం పోయింది. ఆమె వైపు తిరిగాడు.

"చెప్పాను కదే" అన్నాడు. "అటు వైపు మొత్తం చెప్పాను. మళ్ళీ చెప్పమంటే ఎక్కడని చెప్పను?"

"అటు ఏమీ లేదు నాన్నా. అటు ఉన్నవి బాబాయి వేసిన ఆకులు."

"అది వేసేటప్పుడు వాడు కింద రంగు కలుపుతున్నాడు. వాడికేం తెలుసు?" ఆయన తల ఎత్తాడు. "ఒరేయ్, ఆ నాలుగూ సరిచెయ్యి. ఇప్పుడే. నేనుండగానే."

బాబాయి పిట్ట వైపు చూశాడు. ఆయన నిచ్చెన కుడికి జరుపుకుని ఎక్కాడు. ఒక్కో ఆకు మీదా గోడ రంగు పూశాడు. తండ్రి కింద నుంచి చెబుతూ ఉన్నాడు, కొస పైకి, ఇంకాస్త పైకి, ఆ, అంతే. చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో పని ఉంది. నాలుగు ఆకులూ తిన్నగా అయ్యాయి. గోడ కుడి సగమూ ఎడమ సగమూ ఎక్కడా తేడా లేకుండా ఒకటయ్యాయి.

"ఇప్పుడు బాగుంది" అన్నాడు తండ్రి. తర్వాత గొంతు తగ్గించాడు. "సరే. నేను చెప్పాల్సింది చెప్పాను. నువ్వు చదివావు. చదవకపోతే ఇలా రాసేదానివి కాదు. మరి ఏమంటావు?"

పంపు లోపల ఎక్కడో తిరుగుతోంది. గోడ అవతల నుంచి ఆ చప్పుడు వస్తోంది.

"నీ ఇష్టం నాన్నా" అంది.

"నా ఇష్టం గోడ మీద ఉంది. నీది చెప్పు."

ఆమె ఎడమ వైపు చూసింది. కొంగ, తీగ, గుత్తులు, ఆకులు. చదవడానికి ఒక్క అక్షరం లేదు. ఆయన వైపు చూసింది. ఆయన చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది, వేళ్ళ కణుపులు తేలాయి. లేవగానే అడుగుతాడు. రేపూ అడుగుతాడు. కాదు అనే వింటాడు.

"సరే" అంది. "సరే నాన్నా."

ఆయన వేళ్ళు వదులయ్యాయి. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. కుడి చెంప మీదిది తుడుచుకున్నాడు. ఎడమ చెంప మీదిది అలాగే జారింది.

"ఇంత తేలిగ్గా ఒప్పుకుంటావనుకోలేదు" అన్నాడు. "నువ్వు వద్దంటావనే అనుకున్నాను. నీకే కష్టం కదా దీనివల్ల."

"దేనివల్ల నాన్నా?"

ఆయన దగ్గాడు. ఆమె చేతి మీద తట్టాడు. "చాల్లే. ఒప్పుకున్నాక మళ్ళీ తవ్వుకోవడం ఎందుకు." తర్వాత, కాస్త సిగ్గుపడుతున్నట్టు, "బాబాయికి మాత్రం నువ్వే చెప్పు. వాడికి చెప్పడం నా వల్ల కాదు. చిన్నప్పటి నుంచీ నా వెనకే ఉన్నాడు" అన్నాడు.

బాబాయి తన పేరు విని నిచ్చెన దిగాడు. దిగుతూ దిగుతూ మధ్యలో ఆగి గోడ మరోసారి చూసుకున్నాడు. కింద బకెట్టులో బ్రష్ జాడించి, గుడ్డతో తుడుస్తూ వచ్చి పిట్ట ఎదురుగా నిలబడ్డాడు.

"ఏంటమ్మా, నాకేదో చెప్పాలంటున్నాడు?" అన్నాడు. "చెప్పు."